సిగార్ పెట్టెలో పురుగు పడింది, మిగతావి పారేయాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయవాడలో పై అంతస్తు ఫ్లాట్. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చిన సిగార్లు ఇరవై దాకా ఒక చెక్క హ్యూమిడర్‌లో (సిగార్లకు తగిన తేమ నిలిపి ఉంచే పెట్టె) సర్ది బీరువాలో పెట్టారు. మే నెలలో తీసి చూస్తే మూడింటికి గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు, పెట్టె అడుగున గోధుమరంగు పొడి. తేమ 70 శాతం దగ్గర సరిగ్గానే ఉంది కదా, మరి పురుగు ఎక్కడి నుంచి వచ్చింది, మిగిలినవి కూడా పారేయాలా, నాఫ్తలిన్ ఉండలు వేస్తే సరిపోతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. పారేయక్కర్లేదు. ఇవాళే అన్నీ బయటికి తీయండి. రంధ్రాలున్న మూడూ వేరు చేయండి. మిగిలినవి ఐదారు చొప్పున జిప్‌లాక్ కవర్లలో పెట్టి, గాలి నొక్కి తీసేసి, ఆ కవరును ఇంకో కవరులో పెట్టండి. ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, తర్వాత వారం రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు కింది అరలో, ఆపైన కవరు విప్పకుండానే ఒక రోజు గదిలో. అప్పుడు తెరవండి. ఆ తర్వాత ఎండలు తగ్గేదాకా వాటిని 18 డిగ్రీల లోపు ఉంచే ఏర్పాటు చూసుకోండి. నాఫ్తలిన్ ఉండలు మాత్రం ఆ బీరువాలోకే రానివ్వకండి.

ఇక వివరాలు. నేను గుంటూరులో పొగాకు వ్యాపారంలో చాలాకాలం ఉన్నాను, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక హోటల్‌కు సిగార్ల స్టాక్ చూసే పని చేశాను. గోడౌన్‌లో బేళ్లకు పట్టే పురుగు, అద్దాల అలమరాలో ఖరీదైన సిగారుకు పట్టే పురుగు రెండూ ఒకటే. దాన్ని సిగరెట్ బీటిల్ అంటారు, శాస్త్రవేత్తలు పెట్టిన పేరు లాసియోడెర్మా సెర్రికోర్నె. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, రంగు ఎర్రటి గోధుమ, తల కిందికి వంచుకుని ఉంటుంది కాబట్టి పక్కనుంచి చూస్తే గూని ఉన్నట్టు కనిపిస్తుంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది, కాసేపు కదపకుండా వదిలేస్తే మెల్లగా నడక మొదలుపెడుతుంది. అందుకే చాలామంది "ఒక పురుగు కనిపించింది కానీ చచ్చే ఉంది లెండి" అని రాస్తుంటారు. చచ్చిందని నమ్మకండి, ఒక పది నిమిషాలు చూడండి.

రెక్కలొచ్చిన ఈ పెద్ద పురుగు పెద్దగా ఏమీ తినదు. కొన్ని వారాలు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. ఒక్కో ఆడ పురుగు వంద దాకా గుడ్లు పెట్టగలదు. నష్టం చేసేదంతా గుడ్డులోంచి వచ్చే తెల్లటి, నూగున్న చిన్న లద్దెపురుగు. అది సిగారు లోపలే పుట్టి, లోపలే ఆకు తింటూ సొరంగాలు చేసుకుంటూ పెరిగి, లోపలే గూడు కట్టుకుని, పురుగుగా మారాక పై ఆకుకు రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. అంటే మీకు రంధ్రం కనిపించేసరికి ఆ సిగారులో పని పూర్తయిపోయింది. ఆందోళన పడాల్సింది రంధ్రాలున్న మూడింటి గురించి కాదు, నున్నగా, అందంగా కనిపిస్తున్న మిగతా పదిహేడు గురించి. అందుకే రంధ్రాలున్నవి తీసేసి మూత పెట్టేస్తే సరిపోదు.

ఇప్పుడు మీ అసలు సందేహం, తేమ సరిగ్గా ఉంటే పురుగు ఎందుకొచ్చింది అనేది. ఇక్కడే చాలామంది పొరపడతారు. సిగారుకు ఏ తేమ కావాలో ఈ పురుగుకూ సరిగ్గా అదే తేమ కావాలి. 70 శాతం తేమ, 30 డిగ్రీల వేడి దానికి అన్నిటికన్నా అనుకూలం. తేమ బాగా తగ్గించేస్తే పురుగు నిలవదు నిజమే, కానీ సిగారూ మిగలదు, పై ఆకు పెళుసెక్కి పగిలిపోతుంది. కాబట్టి తేమతో దాన్ని కట్టడి చేసే దారే లేదు. మన చేతిలో ఉన్నది ఉష్ణోగ్రత ఒక్కటే. 37 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పురుగు అవడానికి సుమారు 26 రోజులు చాలు, అదే 20 డిగ్రీల దగ్గరైతే నాలుగు నెలలు పడుతుంది, 18 కంటే కిందికి పోతే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మీ పై అంతస్తు ఫ్లాట్‌లో, శ్లాబు వేడి దిగే గదిలో, ఇనుప బీరువా లోపల ఏప్రిల్, మే నెలల్లో ఎంతుంటుందో ఒక థర్మామీటర్ పెట్టి చూడండి. పగలు 36, 38 చూపించినా నేను ఆశ్చర్యపోను. ఫిబ్రవరిలో గుడ్డుగా కూర్చున్నది మే నాటికి రెక్కలతో బయటికి రావడానికి అన్నీ సమకూరాయి, అంతే.

గుడ్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, చాలావరకు సిగారుతోనే. క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, నికరాగువా, హోండురస్, సిగారు ఆకు పండే దేశాలు చాలావరకు వేడి దేశాలే, ఈ పురుగుకు పుట్టిళ్లే. పెద్ద కంపెనీలు ఎగుమతికి ముందు సరుకును గడ్డకట్టించి పంపుతున్నాయి కాబట్టి ఒకప్పటి కంటే ఇప్పుడు బెడద తక్కువ. కానీ ఫ్యాక్టరీ గేటు దాటాక ఎన్ని గోడౌన్లు మారిందో, ఏ కొట్టు అలమరాలో ఏ సరుకు పక్కన ఎన్ని నెలలు ఉందో ఎవరికి తెలుసు. ఇంకో మాట, తిరుచిరాపల్లిలోని ఉరయ్యూరు చుట్టలు కానీ, మన గోదావరి లంక పొగాకుతో చుట్టినవి కానీ సరదాగా తెచ్చుకుని ఖరీదైన వాటి పక్కన పెట్టేవాళ్లను చూశాను. చేత్తో చుట్టి కట్టలు కట్టి అమ్మే ఆ సరుకును ఎవరూ ఫ్రీజ్ చేయరు. రుచికి వంక పెట్టడం లేదు, మా ఇంట్లో పెద్దవాళ్లు అవే కాల్చారు, కానీ వాటిని ఫ్రీజర్ చూపించకుండా మీ పెట్టెలోకి రానివ్వొద్దు.

ఎవరూ అనుమానించని ఇంకో చోటు ఉంది. మీ వంటిల్లు. ఈ పురుగు పేరులో సిగరెట్ ఉంది కానీ దానికి పొగాకు ఒక్కటే తిండి కాదు. పసుపు కొమ్ములు, ఎండు మిరపకాయలు, ధనియాలు, శొంఠి, కుక్కలకు పెట్టే బిస్కెట్లు, ఎండిన పూలు, పాత పుస్తకాల బైండింగులో ఉండే జిగురు, అన్నీ తింటుంది. పసుపు నిల్వల్లో పుచ్చు పట్టించే ముఖ్యమైన పురుగుల్లో ఇదొకటి. నికోటిన్ చాలా పురుగులకు విషం, దీనికి మాత్రం అదేమీ పట్టదు. దాని పొట్టలో ఉండే ఒక రకం ఈస్టు ఆ విషాలను విరిచేయడంలో సాయం చేస్తుంది, అందుకే కారమైనా పొగాకైనా దానికి ఒకటే. హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒకాయన సిగార్లు ఎన్నిసార్లు ఫ్రీజ్ చేసినా మళ్లీ మళ్లీ పురుగు వస్తోందని తల పట్టుకున్నాడు. చివరికి చూస్తే హ్యూమిడర్ ఉన్న అలమరా పైనే ఊరి నుంచి అత్తగారు పంపిన పసుపు కొమ్ముల సంచి ఉంది. సంచి దులిపితే కింద పరిచిన పేపరు మీద పొడి, ఆ పొడిలో పురుగులు. ఈ పురుగు ఎగరగలదు, అట్టపెట్టెలనూ సెల్లోఫేన్‌నూ కొరికి దూరగలదు. కాబట్టి సిగారుకు చుట్టిన సెల్లోఫేన్ రక్షణ అనుకోకండి, ఈ వారమే మీ పసుపు డబ్బా, మిరపకాయల డబ్బా కూడా ఒకసారి తీసి చూడండి.

ఫ్రీజర్ పద్ధతి గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అందరూ చెప్పేది ఒక ముక్కే, "మూడు రోజులు ఫ్రీజర్‌లో పడేయ్". మూడు రోజుల లెక్క మైనస్ 18 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉండే ఫ్రీజర్‌కు. మన ఇళ్లలో చాలా సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల పైన ఉండే చిన్న ఫ్రీజర్ గది అంత చల్లబడదు. ఐస్ గడ్డకడుతోంది కదా అంటే, ఐస్ సున్నా దగ్గరే కడుతుంది, అది కొలత కాదు. రెండు మూడు వందలకు దొరికే ఫ్రీజర్ థర్మామీటర్ ఒకటి కొని లోపల ఒక రాత్రి పెట్టండి. మైనస్ 18 రాకపోతే డబుల్ డోర్ ఫ్రిజ్ ఉన్న బంధువులింటికో, డీప్ ఫ్రీజర్ ఉన్న తెలిసిన ఐస్‌క్రీమ్ కొట్టుకో తీసుకెళ్లండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. కరెంటు పోతే ఏంటి అంటారేమో. ఎండాకాలం కాబట్టి పోతుంది. అరగంట గంట పోతే తలుపు తీయకుండా ఉంటే చాలు, నాలుగైదు గంటలు పోయిందంటే మాత్రం లెక్క మళ్లీ మొదటి నుంచి. వారం అని నేను చెప్పేది ఇవన్నీ కలుపుకుని.

పెట్టె మొత్తం అలాగే ఫ్రీజర్‌లో పెట్టేస్తే ఇంకో ఇబ్బంది. పాతిక సిగార్లు, చుట్టూ చెక్క, పైన కవరు, ఇంత మందం దాటి చలి నడిమధ్య సిగారు దాకా చేరడానికి చాలాసేపు పడుతుంది. నిదానంగా చల్లబడితే పురుగుకు తట్టుకునే అవకాశం కూడా కాస్త ఎక్కువే. అందుకే ఐదారు చొప్పున విడగొట్టమన్నాను. మరి ముందు ఫ్రిజ్‌లో ఒక రోజు ఎందుకంటే అది పురుగు కోసం కాదు, పై ఆకు కోసం. 38 డిగ్రీల గదిలోంచి తీసి సరాసరి మైనస్ 18లో పెడితే పై ఆకు చిట్లే ప్రమాదం ఉంది. తిరిగొచ్చేటప్పుడూ అంతే, పైగా అప్పుడు ఇంకో ముప్పు, నీరు పట్టడం. మన కోస్తా గాలిలో చల్లటి వస్తువు బయటపెడితే నిమిషంలో దాని ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ నీరు కవరు పైన పడితే ఫరవాలేదు, సిగారు మీద పడితే మచ్చలు, తర్వాత బూజు. అందుకే గది వేడికి వచ్చేదాకా కవరు విప్పొద్దు, ఆత్రం పనికిరాదు.

రెండు కవర్లు వాసన కోసం కూడా. సిగారు చుట్టూ ఉన్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. మన ఫ్రిజ్‌లో ఇంగువ డబ్బా ఉంటుంది, నిన్నటి చేపల పులుసు ఉంటుంది, అల్లం వెల్లుల్లి ముద్ద ఉంటుంది. ఒక్క పల్చటి కవరు వాటిని ఆపలేదు.

ఫ్రీజ్ అయ్యాక పాత హ్యూమిడర్‌లోనే తిరిగి పెట్టేముందు దాన్నీ శుభ్రం చేయాలి. ట్రేలు బయటికి తీసి, మూలల్లో, కీళ్ల దగ్గర, తేమ పరికరం బిగించిన చోట వాక్యూమ్ క్లీనర్‌తో పొడి మొత్తం లాగేయండి. ఖాళీ పెట్టె ఫ్రీజర్‌లో పడితే అదీ కవరు కట్టి వారం పెట్టండి. పట్టకపోతే రెండు నెలలు ఖాళీగా వదిలేయండి, లోపల తిండి లేకపోతే మిగిలినవి ఏమైనా ఉన్నా నిలవవు. బొద్దింకల స్ప్రే కొడితే పోదా అంటే పురుగు పోతుందేమో కానీ ఆ చెక్క పీల్చుకున్న మందు తర్వాత మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. లోపలి చెక్క స్పానిష్ సెడార్ కాబట్టి పురుగు రాదని అమ్మేవాళ్లు చెప్తారు. ఆ వాసన బట్టల చిమ్మటలకు గిట్టదేమో, ఈ పురుగుకు మాత్రం పెద్ద లెక్క లేదు. మంచి సెడార్ పెట్టెల్లోనే పుచ్చుపట్టిన సరుకు ఎంతో చూశాను.

ఇంటి చిట్కాల గురించి ఒక్కమాటలో. నాఫ్తలిన్, కర్పూరం, లవంగాలు, వేపాకు, ఏవీ వద్దు, పురుగు సంగతి తర్వాత, సిగారుకు ఆ వాసన పట్టి ఇక వదలదు. ఎండలో పెట్టడం మనకు అలవాటైన పద్ధతి, మిరపకాయలకూ పప్పులకూ బాగానే పనిచేస్తుంది, సిగారుకు పెడితే నూనెలు పోయి పై ఆకు విచ్చుకుంటుంది. మైక్రోవేవ్ అయితే అసలు వద్దు, ఒకచోట మాడుతుంది, పక్కచోట గుడ్డు హాయిగా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. గోడౌన్ బిళ్లలు ఇంట్లోకి తేవొద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలవి. పొగాకు గోడౌన్లలో, ధాన్యం గోడౌన్లలో బేళ్ల మీద టార్పాలిన్ కప్పి, అంచులు మూసి, శిక్షణ ఉన్నవాళ్లు గ్యాస్ పెడతారు. బిళ్లకు గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే వాయువు వస్తుంది. అది పురుగునూ చంపుతుంది, మనిషినీ చంపుతుంది, దానికి విరుగుడు మందు లేదు. మన దేశంలో దాని వాడకం మీద ఆంక్షలున్నాయి, అయినా ఎరువుల కొట్టులో తెలిసినవాళ్లుంటే "ఒక బిళ్ల బీరువాలో పడేయండి సార్, తెల్లారేసరికి పురుగు మాయం" అని చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. ఇరవై సిగార్ల కోసం పిల్లలు పడుకునే ఇంట్లో ఆ పని చేసేవాడికి బుద్ధి లేదనే అంటాను. గోడౌన్లో మేం గ్యాస్ పెట్టిన రోజు ఆ చుట్టుపక్కల మనిషిని తిరగనిచ్చేవాళ్లం కాదు.

ఇక ఎండాకాలం నిల్వ. ఫ్రీజ్ చేయడం ఇప్పుడున్న పురుగును చంపడానికి. వేడి తగ్గించడం మళ్లీ పుట్టకుండా ఉండడానికి. రెండూ కావాలి.

మీ దగ్గరున్నది ఇరవై లోపే కాబట్టి నా సలహా చాలామందికి నచ్చదు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్యదాకా మామూలు ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతాయి అనేవాళ్లు చెప్పేది సగమే నిజం. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో గాలి బాగా పొడిగా ఉంటుంది, అందులో ఊరికే పెడితే ఎండిపోతాయి. నాలుగువైపులా క్లిప్పులుండి రబ్బరు వాషరు ఉన్న ఎయిర్‌టైట్ డబ్బాలో, తేమను 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ ఒకటి వేసి, డబ్బాను కవరులో కట్టి, కూరగాయల అరలో పెడితే ఎండవు. అంత చలిలో సిగారు మగ్గడం ఆగిపోతుంది, ఒప్పుకుంటాను. రెండు నెలలు మగ్గకపోతే కొంపలేం మునగవు, పురుగు పడితే మునుగుతాయి. కాల్చాలనుకున్నప్పుడు ఒకటి రెండు చిన్న కవరులో తీసి, ముందు రోజే బయటపెట్టుకోండి. డబ్బాను రోజూ బయటికి తీసి తెరిచి చూడడం మాత్రం మానుకోండి, తీసిన ప్రతిసారీ నీరు పడుతుంది.

యాభై, వంద దాటి ఉన్నవాళ్లకు వైన్ కూలర్ (వైన్ సీసాలు చల్లగా ఉంచే చిన్న ఫ్రిజ్) మంచిది, కానీ కొనేముందు ఒక్కటి చూసుకోండి. చిన్నవీ చవకవీ చాలావరకు థర్మోఎలక్ట్రిక్ రకం, అంటే కంప్రెసర్ ఉండదు. అవి గది వేడి కంటే సుమారు పది పదిహేను డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. చల్లటి దేశాల్లో ఉన్నవాళ్లు వాటిని మెచ్చుకుంటూ రాసింది చదివి మనవాళ్లు కొంటారు, మే నెలలో గది 40 ఉంటే లోపల 26 చూపిస్తుంది, పురుగుకు అది చాలు. మన ఊళ్లకు కంప్రెసర్ ఉన్నదే తీసుకోండి, 16, 18 మధ్య పెట్టండి, కంప్రెసర్ తిరిగినప్పుడల్లా తేమ లాగేస్తుంది కాబట్టి సిగార్లను అందులో కూడా మూతున్న డబ్బాల్లోనే ఉంచండి.

ఇవేవీ లేకపోతే ఇంట్లో చల్లటి చోటు వెతకండి. అటక వద్దు, అది శ్లాబుకు ఆనుకుని ఉంటుంది. పడమటి గోడకు ఆనించిన బీరువా వద్దు, సాయంత్రం గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. లోపలి గదిలో, బయటి గోడ తగలని చోట, నేలకు దగ్గరగా ఉన్న అర మేలు. థర్మోకోల్ పెట్టెలోనో పిక్నిక్ ఐస్ బాక్సులోనో సిగార్ డబ్బా పెడితే పగలు రాత్రి మధ్య వేడి ఊగిసలాట తగ్గుతుంది, అయితే అది చల్లబరచదు, వేడెక్కడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. రాత్రి ఏసీ వేసే పడకగదిలో పెట్టి తెల్లారి ఏసీ ఆపగానే ఆ బాక్సు మూసి ఉంచితే కొంత నయం. ఒక్క రాత్రి ఏసీని నమ్ముకుని మూత తెరిచిన చెక్క పెట్టె పెట్టడం మాత్రం దండగ, మధ్యాహ్నానికి మళ్లీ మొదటికే వస్తుంది.

ఊరిని బట్టి కూడా తేడా ఉంటుంది, ఇక్కడ అందరికీ ఒకటే సలహా ఇవ్వలేం. హైదరాబాద్, అనంతపురం వైపు ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది, చెక్క హ్యూమిడర్ మూత కాస్త వదులైనా తేమ కారిపోతుంది, అక్కడివాళ్లకు 69 శాతం ప్యాకెట్ సరిపోతుంది. విజయవాడ, విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోత. జులై తర్వాత బయటి గాలే 80 దాటుతుంది, అప్పుడు తేమ అందించే పరికరంలో నీళ్లు పోస్తూ కూర్చుంటే పురుగు కంటే ముందు బూజు వస్తుంది. మీరు 65కో 62కో దిగండి. వేడిగా ఉన్నప్పుడు 70 శాతం అంటే బూజుకు పిలుపే. తేమ కొలిచే హైగ్రోమీటర్ చూపించేది నిజమో కాదో కూడా ఒకసారి చూసుకోండి. చిన్న మూతలో ఉప్పు వేసి, ముద్దలా అయ్యేంత నీరు మాత్రం చిలకరించి, హైగ్రోమీటర్‌తో పాటు ఒక జిప్‌లాక్‌లో మూసి ఒక రోజు ఉంచితే 75 చూపించాలి. 70 చూపిస్తే మీ పరికరం ఐదు తక్కువ చెప్తోందని లెక్క.

తర్వాత ఎలా కనిపెట్టాలి? ఫ్రీజ్ చేసినవాటిని రెండు నెలలపాటు వేరే డబ్బాలో, అడుగున తెల్ల కాగితం వేసి ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టినవైతే బయటికి తీశాక ఈ రెండు నెలలు మొదలవుతాయి, చలిలో ఉన్నన్నాళ్లూ ఏదైనా మిగిలినా కదలదు కాబట్టి ఆ రోజులు లెక్కలోకి రావు. రెండు వారాలకోసారి ఒక్కో సిగారు తీసి, వెలిగించే కొస కిందికి పెట్టి కాగితం మీద వేలితో మెల్లగా తట్టండి. చిన్న ఆకు తునకలు రాలితే మామూలే, చేత్తో చుట్టిన ఏ సిగారైనా రాలుస్తుంది. పిండిలాంటి మెత్తటి పొడి సన్నని ధారలా రాలిందంటే లోపల ఎవరో ఉన్నారు. తర్వాత టార్చి పక్కనుంచి వేసి సిగారును వేళ్ల మధ్య తిప్పుతూ చూడండి. పురుగు చేసిన రంధ్రం అంచు గుండ్రంగా, తీరుగా ఉంటుంది, వెడల్పు మిల్లీమీటరు పైచిలుకు. ఆకు ఈనె దగ్గర చిట్లితే అది గీతలా, అంచులు చిరిగినట్టు ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. డబ్బా గోడల మీద కంటికి కనీకనిపించని లేత రంగు చుక్కలు పరుగెడుతుంటే అవి పుస్తకాల్లో కనిపించే పేనులాంటివి, సిగారును తొలవవు, తేమ ఎక్కువైందని చెప్తాయంతే.

ఈ పురుగుకు ఫెరొమోన్ ట్రాప్‌లు కూడా దొరుకుతాయి, జిగురు అట్ట మధ్యలో ఆడ పురుగు వాసన ఉన్న బిళ్ల ఉంటుంది. దాన్ని హ్యూమిడర్ లోపల పెట్టొద్దు, అలమరాలో పక్కన పెట్టండి. దానికి మగవే పడతాయి, గుడ్లు పెట్టే ఆడవి పడవు, కాబట్టి అది మందు కాదు, ఇంట్లో పురుగు ఉందా లేదా అని చెప్పే కాపలా. వంటింట్లో ఒకటి, అలమరాలో ఒకటి పెడితే పురుగు ఎటు నుంచి వస్తోందో తేలిపోతుంది.

చివరిగా మీరు అడగలేదు కానీ తర్వాత ఎలాగూ అడుగుతారు, ఆ రంధ్రాలున్న మూడింటిని కాల్చవచ్చా అని. ఒకటి రెండు రంధ్రాలే ఉంటే, వాటినీ వేరే కవరులో వారం ఫ్రీజ్ చేసి, బాగా తట్టి పొడి దులిపి, రంధ్రం మీద వేలు ఆనించి పీల్చి చూడండి. పొగ సరిగా వస్తే కాల్చేయొచ్చు, అయితే సొరంగం ఉన్న వైపు తొందరగా కాలి వంకరపోతుంది, రుచి పలచబడుతుంది. నాలుగైదు రంధ్రాలుండి, నొక్కితే మెత్తగా లోపలికి పోతోందంటే లోపల ఆకు బదులు పొడే మిగిలింది. దాన్ని డస్ట్‌బిన్‌లో వేసి ఇంట్లో ఉంచొద్దు, కవరు మూతి కట్టి ఆ రోజే బయటికి పంపేయండి. మీ ఫ్రీజర్ థర్మామీటర్ ఎంత చూపించిందో కింద రాయండి, దాన్ని బట్టి వారం సరిపోతుందో ఇంకా పెట్టాలో చెప్తాను.